మెట్లకు అందని నడక

వాల్పరైసోలో మెట్లకి చెవులున్న కాలమది.
కొండకి మూడేసి వందల మెట్లు,
ఎవరి అడుగు ఎవరిదో వాటికి కంఠతా వచ్చు.
తెల్లారేసరికి రేవు పక్కన మెట్ల శాఖ కచేరీలో
ఎవరు ఎవరింటికి ఎక్కారో, ఏ గుమ్మం ముందు ఆగారో
తడి సిరాతో చిట్టా తయారు.
అడుగులకు మడుగులొత్తడం విన్నాం గాని
అడుగులకు పద్దు రాయడం అప్పుడే చూశాం.
పద్దు ఉన్నవాళ్లకే రొట్టె చీటీ.

నా నడక ఇదీ:
రెండు కర్రలూ టక్కున,
కుడికాలు మెత్తగా,
ఎడమకాలు వెనకాల ఈడ్చుకుంటూ సర్రున.
మెట్లు వినేవి, తికమకపడేవి,
వాన అనో, కుక్క అనో,
ఎవరో దొర్లించిన పీపా అనో రాయించేవి.
అలా పదిహేనేళ్లొచ్చినా చిట్టాలో నేనింకా పుట్టలేదు.

"ఎల్సిరా అనే పిల్ల ఈ కొండమీద లేదు"
గుమాస్తా నా మొహం మీదే చదివాడు.
మరి మీ బల్లకి ఆనించిన కర్రలెవరివి అన్నాను.
"కుంటి సాకులు చెప్పకు."
అన్నాక, పాపం, అతని చెవులు ఎర్రబడ్డాయి.

అమ్మమ్మ ఓర్మెలిందా తన రొట్టెని సగానికి కోసి
పెద్ద సగం నాకిచ్చేది.
సగాల్లో పెద్దదేమిటని నేనెప్పుడూ అడగలేదు.

లేని మనిషికి ఒక వెసులుబాటు:
ఎక్కడికైనా వెళ్లొచ్చు.
బోలు కర్రలో ఉత్తరాలు చుట్టి
జైల్లోవాళ్ల పేర్లు ఈ కొండ నుంచి ఆ కొండకి మోశాను.
ఒక రాత్రి నూట నలభయ్యో మెట్టు మీద కూర్చుని
చంకలో పుండుకి కొవ్వు రాసుకుంటుంటే
అంచు విరిగిన ఆ మెట్టు గొంతు సవరించుకుంది.
"నీ గురించి నేనెవరికీ చెప్పలేదు.
చెప్పడం చేతకాక."
నేర్చుకోకు, అన్నాను.

అప్పుడు తట్టింది.
చాకిరేవు గదిలో పదకొండు రాత్రులు పాఠం చెప్పాను.
చేపలమ్మే ఆడవాళ్లు, బడిపిల్లలు,
తెడ్డుతో వచ్చిన పడవ ఎవారిస్తో, చీపురుకట్టతో వాడి తల్లి.
దేవుడా, కుంటడం కూడా రాదు వీళ్లకి!
బరువు చంకల మీద కాదు, అరచేతుల మీద, అంటే
నాటకాల్లో ముసలివాళ్లలా మూలుగుతారు.
మూలగొద్దు, నేను మూలగను.

ఆ రాత్రి నాలుగువేల మంది
టక్, మెత్త, సర్ర్
అన్ని కొండల నుంచీ రేవుకి దిగాం.
చిట్టా నిండా ఒకటే మాట పడింది: వాన. వాన. వాన.
గుమాస్తా కిటికీ తీసి చూశాడు,
ఆకాశం నిండా నక్షత్రాలు.

మూడోరోజుకి కచేరీ ఖాళీ.
జనం కేకలేసి కర్రలు అక్కడికక్కడే విసిరేసి
రెండేసి మెట్లు దూకుతూ పరుగెత్తారు.
నేను మిగిలాను, మెట్ల నిండా
దొర్లుతున్న చీపురుకట్టల మధ్య.
నా జీవితంలో అంత కష్టంగా ఎప్పుడూ దిగలేదు.

కింద కొత్త సభ.
జెండా రంగు గురించి రెండు గంటలు.
నా కర్ర పైకెత్తాను:
"కొండెక్కే తాడుబండి ఆరేళ్లుగా తుప్పు పట్టి ఉంది.
ముందు దాని తాడు మార్చండి."
ఎవారిస్తో నవ్వాడు, మంచివాడే,
"ఇప్పుడా, ఎల్సిరా? ఇంత పెద్ద రోజున?"

అమ్మమ్మ మూడువందల పదకొండు మెట్ల పైన ఉంది.
ఈ పెద్ద రోజు ఆమె దాకా ఎలా ఎక్కుతుంది?

ఎవరూ మాట్లాడలేదు.
మూల బల్ల దగ్గర పాత గుమాస్తా,
ఈ సభకీ రాసేవాడు అతనే మరి,
కలం తీసి, తలెత్తకుండా
"అర్జీ ఎవరి పేరున?" అన్నాడు.

చెప్పాను.
తప్పు రాయకు,
చివర్లో సిరా ఉంటుంది.