ఏడు

ఫర్హానా,
పేపరు తిరిగొచ్చిందని నిన్న టీ కూడా తాగలేదంట.
నాది నాలుగుసార్లు వచ్చింది. బీరువాలో ఉంది, చూపిస్తా.

చిత్తూరు మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో
తోతాపురి కోసి కోసి షిఫ్టు దిగిన చెంగమ్మను
స్కేలు చూపించి అడిగినా, నొప్పి పదికి ఎంతని.
"ఎంతంటే ఏం చెప్పేది మేడం,
పొద్దున సలుపు, మద్దేనం పోటు,
రాత్రికి జడ వేసుకునేదానికి చెయ్యి లేవదు" అనింది.
ఏడు అని రాసుకున్నా.
గడి అంతే ఉండింది.

ఆ ఏడు మీదే నా డాక్టరేటు.

మంచి గైడును చూసుకో, లెక్కలు నేర్చుకో,
గ్రాంటు గడువు దాటనీయొద్దు,
ఇవన్నీ ఎవరైనా చెప్తారులే.
నువ్వు మాత్రం
అంకె పక్కన కాస్త జాగా వదులు,
జడ అని రాసుకునేంత.