తొంభై నాలుగో నంబరు

వింజమూరు తిరనాళ్ళలో రాణి వేషం దించేసి
కావలి చేరేసరికి రాత్రి రెండున్నర అయ్యేది.
ముఖాన ఇంకా సగం అర్దళం. కొబ్బరినూనెతో తుడుచుకుంటా
టీవీ పెట్టేదాన్ని, ఇంట్లో ఒక గొంతు ఉంటాదని.
మన చానళ్ళన్నీ ఆ వేళకి తాయెత్తులు అమ్ముతుండేవి.
తొంభై నాలుగులో మాత్రం ఆమె.

పేరు తెలీదు. కేబులు ఖాజాని అడిగితే
"ఫ్రెంచోళ్ళదక్కా, ఊరికే వస్తుండాది, వదిలేశా" అన్నాడు.
రవణమ్మ అని నేనే పెట్టుకున్నా.
ఎడం కనుబొమ్మ కొసన చిన్న మచ్చ, అదే గుర్తు.

రవణమ్మ వయసు వరసలో రాదు.
సోమవారం డెబ్బై ఏళ్ళ ముసలమ్మ, ఆస్పత్రి మంచం మీద ఆపిల్ ముక్క వద్దంటాది.
మంగళవారం ఇరవై రెండు, నలుపు తెలుపు,
సైకిలు మీద నిలబడి తొక్కతా నవ్వుతుండాది.
బుధవారానికి సీరియల్లో పోలీసు, మెడ కాస్త లావెక్కి.
శుక్రవారం చచ్చిపోతాది.
శనివారం లేచొచ్చి ఎవురి బిడ్డకో బూట్లు తొడగతా ఉంటాది.

నాది అట్టా కాదే.
తొమ్మిదో ఏట బాలవేషం, పదహారుకి చెలికత్తె, ఇరవైకి రాణి.
నలభై దాటినాక హార్మోనియం మస్తానయ్య
నా శ్రుతి అయిదు నుంచి నాలుగున్నరకి దించినాడు,
ఎవురికీ చెప్పకుండా, నాక్కూడా.
తెలిసిందిలే. తెలీనట్టే పాడినా.
తర్వాత తల్లి వేషం. ఆ తర్వాత తెర వెనక నిలబడి మాటలందియ్యడం.
వెనక్కి తిప్పి ఇంకోసారి వేసినోడు లేడు.
పామూరులో ఆ రాత్రి వన్స్‌మోర్ కొట్టినోళ్ళు
సగం మంది పోయుండారు,
నా ఇరవై నాలుగో ఏడు వాళ్ళ కళ్ళల్లోనే పోయింది.

కుళ్ళు లేదంటే అబద్ధం.
అంత చిన్న గొంతుకి నాలుగో వరసోడికైనా వినపడద్దా, అనుకునేదాన్ని.
రాగం ఎత్తమను చూద్దాం, అనుకునేదాన్ని.

అయినా ఒక రాత్రి,
గడప దగ్గర నిలబడి ఎవురి మొహమూ చూడకుండా ఒక్క మాట అనింది.
నూనె గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ఏడ్చినా.
పద్యాల పుస్తకం అంచున రాసి పెట్టుకున్నా, చెవికి పడినట్టు:
ఫెర్మలాపోర్తు. ఇల్ఫేఫ్రువా.
'అన్యాయమైపోతినయ్యా' అనుంటాది, ఇంకేముంటాది?
ముఖారిలో కట్టి వంటింట్లో ఎన్నిసార్లు పాడుకున్నానో.

సెట్‌టాప్ బాక్సులొచ్చినాయి. తొంభై నాలుగులో ఇప్పుడు
ఎవురో ప్లాట్లు అమ్ముతుండారు.

మొన్న రోహిణి కార్తెలో, మా చెల్లెలి మనవరాలు లిఖిత
నెల్లూరు హాస్టలు నుంచి వచ్చింది.
ఇంటర్లో ఫ్రెంచి తీసుకునుండాది, మార్కులు బాగా పడతాయంట.
పుస్తకం తీసి చూపించినా. రెండుసార్లు పైకి చదివి
పకపకా నవ్వింది: "తలుపు వెయ్యి, చలిగా ఉంది. అంతే అమ్మమ్మా!"

అంతేనా.
నలభై ఏళ్ళు నేను శోకానికి శోకం మాటలే వాడినా.
తలుపు వెయ్యి అని చెప్పి మనిషిని ఏడిపించొచ్చని
మా గురువు కూడా చెప్పలా.

"పేరు వెతకనా?" అని ఫోను తీసింది.
వద్దన్నా.
ఉండాదో పోయిందో తేదీ వేసి మరీ చెప్తాది అది.

కరెంటు లేదు. వీధిలో తారు మెత్తబడుతుండాది.
లేచి తలుపు దగ్గరికేసి, దాని మీద చెయ్యుంచి,
రాగం లేకుండా, నాలుగో వరసకి వినపడకుండా
ఆ మాటన్నా.

లిఖిత నవ్వడం ఆపి
చున్నీ భుజాల మీదికి లాక్కుంది.

కాసేపటికి నేనే తలుపు తీశా.
గాలి ఆడాలి గదా.