పలక మీద ఊరు

ఈ ఊరికి నిటారుతనం ఒక్కటే ఆస్తి.
వెనక కొండ, ముందు మోజెల్ నది,
మధ్యన చొక్కా జేబంత నేల.
ఆ జేబులోనే చర్చి, రొట్టెల కొట్టు,
నూట తొంభై ముగ్గురు మనుషులు,
ఒక ఫెర్రీ, దాన్ని నడిపే ఎగ్‌బర్ట్.
అతనితో మాటల్లేని అతని తమ్ముడు
అవతలి ఒడ్డున కాపురం.

కొండ నిండా నల్లటి పలకరాయి.
హిల్ట్రూడ్ అయిదేళ్ళప్పుడు
అక్షరాలు దిద్దింది ఆ రాయి మీదే.
ఎంగిలితో తుడిపేస్తే ఏ తప్పయినా పోయేది.
ఇప్పటికీ వాన వెలిస్తే
కొండనెవరో తడిచేత్తో తుడిచినట్టే ఉంటుంది.
పగలంతా ఎండను అప్పు తీసుకుంటుంది పలక,
చీకటి పడ్డాక వడ్డీతో సహా
ద్రాక్షతీగల మొదళ్ళకు చెల్లిస్తుంది.
ఊళ్ళో ఇంత నిక్కచ్చి బాకీదారు ఇంకొకరు లేరు.
ఆ ఏటవాలులో రీస్లింగ్ తప్ప మరొకటి నిలవదు.
కాలు జారితే పట్టుకోవడానికీ అదే.

పిల్లల ఎత్తు తలుపు చెక్క మీద గీస్తారు,
నది ఎత్తు వీధిగోడ మీద.
పిల్లలు పెరిగి ఆగిపోతారు.
నదికి ఆ బుద్ధి లేదు.
తొంభై మూడులో, క్రిస్మస్ ముందు,
చెప్పకుండా మెట్లు దిగి నేలమాళిగలోకి వచ్చింది.
ఖాళీ పీపాలు తేలి
ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే
మేడ మీద మంచంలోంచి వాల్‌ఫ్రీడ్ కేకేశాడు:
"ఎవరది? తలుపు తీసే ఉంది!"
ఆయన పోయి ఆరేళ్ళు.
ఆ ఏటి గీత దగ్గరికొస్తే హిల్ట్రూడ్‌కి ఇప్పటికీ నవ్వే వస్తుంది.
చూసినవాళ్ళు తల తిప్పుకుంటారు.

అక్టోబరులో గుమ్మం పైన చీపురు కట్టారంటే
ఆ ఇంట కొత్త వైన్ దిగిందని.
లోపల బల్ల మీద ఉల్లిపాయల రొట్టె,
ఇంకా బుసబుసలాడే మబ్బురంగు వైన్,
చలికి ముక్కులెర్రబడ్డ సైకిలు యాత్రికులు.
హిల్ట్రూడ్ గుమ్మానికి చీపురు కట్టి మూడేళ్ళయింది.
ఇప్పుడది ఉత్త చీపురు. మెట్లు ఊడుస్తోంది.

కొండ నెత్తిన ఆమెవి ఆరు వందల నలభై మొదళ్ళు.
మోకాళ్ళు అక్కడికి పోనివ్వవు.
వంటింటి కిటికీలోంచి బైనాక్యులర్స్‌తో చూసుకుంటుంది,
ఆసుపత్రి అద్దంలోంచి చూసినట్టు.
జనవరిలో ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.
చూసే దిక్కులేని తోట పక్కతోటలకు తెగులు,
ఏప్రిల్ లోగా పెరికించవలెను.
ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి
కుంటుతున్న బల్ల కాలి కింద దోపింది.
బల్ల నిలబడింది.

మార్చిలో ఇలింకా వచ్చింది.
రుమేనియా నుంచి పదకొండు కోతలకు వచ్చిన మనిషి,
ఈ ఊరి యాస ఈ ఊరి కుర్రాళ్ళకన్నా బాగా పలుకుతుంది.
ఒంటిపట్టా బండి మీద ఇద్దరూ కొండెక్కారు.
హిల్ట్రూడ్ వెనక్కి తిరిగి కూర్చుంది,
కాళ్ళ కింద నది సన్నబడి సన్నబడి
ఎవరో పారేసుకున్న రిబ్బనయ్యేదాకా.

గునపం తీస్తుందనుకుంది.
ఇలింకా జేబులోంచి కత్తెర తీసింది.
పాత కొమ్మ కోసి, రెండు లేతవి వదిలి,
చెరో పక్కకీ వంచి, కర్రకు కట్టింది.
కట్టాక అది గుండె బొమ్మలా ఉంటుంది.
ఇక్కడెవరూ దాన్ని ప్రేమ అనరు,
అలా వంచితే పసరు రెండు వైపులా సమంగా పారుతుందంటారు.

కోసినచోట బొట్టు ఊరింది.
మార్చిలో తీగ ఏడుస్తుందని ఊరి మాట.
హిల్ట్రూడ్ దాన్ని వేలికద్దుకుని
నాలిక మీద పెట్టుకుంది.
"ఉప్పు లేదు," అంది.

ఇలింకా పక్క మొదలు దగ్గరికి జరిగింది.
ఇంకా ఆరు వందల ముప్పై తొమ్మిది.
కింద అవతలి ఒడ్డున ఎవరో ఫెర్రీ గంట కొట్టారు.
ఎగ్‌బర్ట్ తమ్ముడై ఉంటాడు.
పడవ కదిలింది, గొణుక్కుంటూనే.