పూడిక

గడ్డం ఇక్కడ ఆనించండి, నుదురు ఆ పట్టీకి.
అయిదు లెక్కపెట్టేదాకా రెప్ప వెయ్యకండి.
"ఆయ్," అన్నాడు కడలి పోతురాజు,
ముప్పై ఆరేళ్లు లాకుల మీద లస్కరు.
అరచేతుల్లో ఇంకా తలుపులెత్తే చక్రం గ్రీజు వాసన,
లేదా నాకే అలా అనిపించింది.

రిటైరైనా రోజూ వెళ్లి చూసొస్తాడట.
పోయిన నెల గేజీరాయి వంగిందట,
అంకెలతో సహా, నడుం పట్టేసిన మనిషిలా పక్కకి.
"రాయి వంగదు గదండీ.
అందుకే కంటి మీద అనుమానం వచ్చింది."

నీలం వెలుతురు వేశాను.
రావులపాలెంలో, ఏసీ గదిలో, తెర మీద
ఆయన కన్ను తేలింది:
పెద్ద కాలవ, పంట కాలవ, బోదె,
నడిమధ్య ఏ కాలవా ఎక్కని మెరక.
అక్కడ ఉండాలి పసుపు.
ఒంట్లో పుట్టదది,
తోటకూరలోంచి, గుడ్డుసొనలోంచి
తిన్నవాడికే వచ్చి చేరుతుంది,
నీలాన్ని తాను తాగి చూపుని కాస్తుంది.
ఫొటోలో చిక్కటి నీడలా పడాలి.
ఈయనకి వెలిసింది,
ఉతికి ఉతికి అంచు పోయిన పంచెలా.

దాని చుట్టూ మెరుపు.
కొత్తగా చేరినప్పుడు
ఇలాంటి మెరుపు చూసి మంచిదే అనుకునేదాన్ని.
అది మెరుపు కాదు, మిగులు.
డెబ్భయ్యేళ్ల వెలుతురు
రోజుకింత తెచ్చి వదిలేసిన ఒండ్రు.

ఒండ్రు అనే చెప్పాను ఆయనకి.
నవ్వాడు.
"ఒండ్రు మీదే గదండీ మనందరం.
వరీ, అరటీ, మీ ఆసుపత్రి పునాదీ."
కాసేపాగి,
"ఎండాకాలం కాలవ కట్టేసి పూడిక తీస్తాం.
దీనికి కట్టేసే రోజులు లేవాండీ?"

మిషను ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఇది వైద్యం కాదండీ, పరిశోధన.
ఆర్నెల్లకోసారి వస్తే కొలుస్తాం, రాసుకుంటాం.
మీ కంటికి ఇప్పుడు ఒరిగేది...
మాట మింగేశాను.
"గేజీ రాయడమే గదా," అన్నాడు.
"పొద్దున్న ఆరింటికి నేను రాస్తే వరద తగ్గిందా ఎప్పుడన్నా?
దిగువోడికి తెలిసేది. అంతే."

సంతకం గీత దాటి కిందికి జారింది.
లేస్తూ అడిగాడు, "ఎంతుందండీ?"
పాయింటు రెండు ఒకటి.
తలుపు దగ్గర నిలబడి,
సెక్షనాఫీసుకి ఫోన్లో చదివినట్టు
ఒక్కో అంకే విడదీసి గట్టిగా తిరిగి చెప్పాడు.
బెంచీ మీద వరసలో ఉన్నవాళ్లు
తలెత్తి చూశారు.