అరగంట ఆగి చూడాలె

మా యూనివర్సిటీ చిన్నది.
సిరొంచలో దాని చివరి కాలేజీ,
ఆ కాలేజీలో చివరి గది మాది.
ముప్పైయొక్క మందికి ఒకటే మైక్రోస్కోపు పనిచేస్తది,
రెండోది బీరువాలో ఉంటది, కన్ను లేకుండ.
కరెంటు పోతే
పోశం కిటికీ రెక్క తీసి అద్దం తిప్పుతడు:
ప్రాణహిత మీది ఎండ గొట్టంలకు ఎక్కుతది.

పాఠం మరాఠీలో వింట,
పరీక్ష ఇంగ్లీషులో రాస్త,
అర్థం మాత్రం తెలుగులోనే అయితది, జర ఆలస్యంగ,
అంకీసా బస్సుల, సగం తొవ్వల.

ఆ గురువారం నెత్తురు ప్రాక్టికల్.
వేలు గుచ్చి, చుక్క పెట్టి,
గాలిని మింగేసే మందు ఇంకో చుక్క కలిపి,
మీద పల్చటి గాజు మూసి
అంచుల చుట్టు వైశాలి గేడాం గోళ్ళరంగు పూసినం.
గులాబీ సీలు.
"అరగంట ఆగి చూడాలె" అన్నది కుళ్మేథే మేడం.
ఆ అరగంటల చివడా తిన్నం,
ఒకరి బొమ్మలు చూసి ఒకరం నవ్వుకున్నం.

కొందరివి గుండ్రంగనే ఉన్నయి.
నావి వంగినయి.
ఊపిరాడనప్పుడు నా నెత్తురు కొడవలైతదని
పంతొమ్మిదేండ్లు నాకు తెల్వదు.
"సగమే. నీకేం కాదు. వాహకురాలివి" అన్నది మేడం.
ఆ మాట రికార్డుల రాసుకుంటుంటే
తమ్ముడు యాదికొచ్చిండు.

వానలు మొదలైతే సారయ్యకు మోకాళ్ళు మొదలైతయి.
గాలి సోకిందన్నరు, తాయెత్తు కట్టిన్రు.
వాడు గోడకు కాళ్ళు తన్నిపెట్టి పండుకుంటడు,
ఏడ్వడు, దుప్పటి కొస కొరుకుతడు.
తొమ్మిదేండ్ల సంది నాయనమ్మది ఒకటే మాట:
"మా ఇంటి నెత్తురు కాదిది. మీ తల్లిగారిది."
అమ్మ బియ్యం చెరుగుతనే ఉంటది.

ఆ రాత్రి గచ్చు మీద బొగ్గుతోని నాలుగు గడులు గీసిన,
తొక్కుడుబిళ్ళకు గీసినట్టు.
క్లాసుల ఇవే గడులల్ల
బఠానీ మొక్కలు పెట్టినం, పొడుగుది, పొట్టిది.
ఇప్పుడు పైన అమ్మ, పక్కన నాయన.
నాలుగో గడిల మా తమ్ముడు.
"సగం నువ్విచ్చినవ్. సగం నాయనిచ్చిండు.
ఒక్కలే ఇస్తే వాడికి ఈ నొప్పే లేదు."
అమ్మ గడుల దిక్కు చూసింది,
దీపం దిక్కు చూసింది.
"నాకు చూపెడతరా?" అన్నది.

మేడంను ఫోన్ల అడిగినంక
ఆదివారం పోశం తాళం తీసిండు.
తునికాకు కట్టలు కట్టీ కట్టీ కాయలు కాసిన వేలు,
సూది దిగలేదు.
రెండోసారి తనే గుచ్చుకున్నది.
గోళ్ళరంగు. అరగంట.
సీసాలల్ల చేపలను చూసి
"ఇన్ని దినాలు పులుసు పెట్టకుండ ఎట్లున్నరు" అన్నది.
ఎముకల పటం కాడ ఆగి
మోకాలి మీద వేలు పెట్టి ఊకున్నది.

ముందుగాల తన కనురెప్ప వెంట్రుకలే కనబడ్డయట.
అందరికీ అంతే, అన్నడు పోశం.
తర్వాత చానాసేపు మాట లేదు.
చెవి కమ్మ ఊగుడు ఆగింది.
"గింత చిన్నయా" అన్నది గొట్టంలకే,
"గింత చిన్నవాటికా నేను గన్ని మాటలు పడ్డది."

గడ్చిరోలి దవాఖానల మాత్రలున్నయట.
రెండువందల కిలోమీటర్ల పైన,
బస్సు కుదుపులకే వాడికి తుంట్లు గుంజుతయి.
సెమిస్టరు అయినంక పోవాలె.
కాదు, అంతకంటె ముందే.

నాలుగున్నర బస్సుకు అమ్మ పోయింది,
కొంగుల పల్లీలు కట్టుకొని.
నాయన వస్తనన్నడు. ఇంకా రాలే.
ఇంకో స్లైడు కడిగి, తుడిచి
కిటికీల ఆరబెట్టిన.