నాలుగు వేళ్ళ ఎత్తు

ఏకై వచ్చింది నొప్పి, మేకై కూర్చుంది.
దూదేకులోళ్ళకు ఇంతకంటే బాగా చెప్పేదానికి రాదు.
ముప్పైయేండ్లు నేలమీద మోకాళ్ళూని
సగం చిత్తూరికి పరుపులు కుట్టినాను.
ఎవురెవురో మెత్తగా పండుకున్నారు.
నాకు కుడి మోకాలు గట్టిపడింది.

రెండేండ్లుగా కుర్చీలోనే నమాజు.
తల వంచుతాను, అంతే. నేల తగలదు.
చెల్లుతుంది వదినా, అంటాడు మరిది మౌలాలి.
చెల్లుతుందని నాకూ తెలుసు.
అతుకేసిన నోటు కూడా చెల్లుతుంది,
ఇచ్చేటప్పుడే చెయ్యి కొంచెం వెనకాడుతుంది.

పెద్దాస్పత్రి డాక్టరమ్మ మాత్రల చీటీ వెనక రాసిచ్చింది:
మిట్టూరు ఇస్కూలు వరండా, పొద్దన్నే ఆరుకు, యోగా.
చీటీని మూడు దినాలు బియ్యం డబ్బాలో దాచినాను,
దొంగసొత్తు మాదిరి.

ఆడ మాస్టరు మునిరత్నం.
ఆర్టీసీలో కండక్టరు చేసి దిగినాడు.
పీల్చు అంటే రైట్ రైట్ అన్నట్టే ఉంటుంది.
నిలుపు అంటే ఊపిరి
ఊరిబయట స్టేజీలో ఆగి ఎవురికోసమో చూస్తుంది.
మొదట అందరూ ఓం అన్నారు.
ఆ శబ్దం నా దవడ దాకా వచ్చి
చెప్పులిడిచి బయటే కూచుంది.
సూర్యునికి దండాలు పెట్టేటప్పుడు
గోడవారగా జరిగి మడమలు తిప్పుకుంటా ఉండినా.
ఆయన చూసినాడు. టికెట్టు అడగలేదు.

"ఓం అనకుంటే ఫలం సగమేమ్మే" అనింది చెంగమ్మ.
"సగం చాలక్కా, నాకు నొప్పి ఒక మోకాలికే."
ఇద్దరమూ నవ్వినాం.
ఆమె నవ్వు నాకంటే ముందు ఆగిపోయింది.

చివర్లో శవం మాదిరి పండుకోమంటాడు.
పరుపులు కుట్టేదాన్ని, బండల మీద పండుకున్నా.
చుట్టూ పదైదు శవాలు, ఒక శవం గురక.
నేను లోపల్లోపల కలిమా చదువుకున్నా.
పోయేటప్పుడు చదివేది అదే గదా.
"దస్తగిరమ్మా, పెదాలు కదులుతుండాయి" అన్నాడు మాస్టరు
కండ్లు తెరవకుండానే.

ఊపిరికి మతం లేదన్నాడు ఇంకొక దినం.
మంచి మాట. కొంగున ముడేసుకోబోతే
ముడి పడలేదు.
ఊపిరి సంగతి నాకు తెలీదు సార్,
నా మోకాలికి మాత్రం ఉంది.
అది వంగడం నేర్చుకునిందే దేవుని కోసం.
ఏడేండ్లప్పుడు, మా జేజి పక్కన, ఈతచాప మీద.
పొయ్యి కోసం, పరుపుల కోసం, బిడ్డల కోసం
వంగింది ఆ తర్వాతే.

మా ఇంటాయనతో హజరత్తును అడిగించినా.
ఆయనకూ నడుము పట్టు, గోడ పట్టుకోని లేస్తాడు.
చాలాసేపు గడ్డం నిమురుకోని అన్నాడంట:
"అడక్కుండా పోయింటే బాగుండు గదా ఆ తల్లి.
అడిగింది కాబట్టి కితాబు చూడాల."
మామిడికాయలు అయిపోయె,
గుజ్జు ఫ్యాక్టరీల పులుపు వాసన గాలిలోంచి పాయె,
మండీకి కొత్త బెల్లం దిమ్మలొచ్చె.
ఆయన ఇంకా చూస్తానే ఉండాడు.

నిన్న ఫజర్‌కు కుర్చీని పక్కకు నెట్టినా.
ఎడమ మోకాలు ముందు, కుడిది వెనకాల,
పాత తలుపు మాదిరి కిర్రుమంటా.
నుదురు దిగింది, దిగింది,
నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో నిలిచిపోయింది.

ఆ సందులో చాప వాసన.
రెండేండ్లయింది ఆ వాసన చూసి.
నోరు దేవుని పేరు చెప్తా ఉంది,
లోపల ఎవురో లెక్క పెడతా ఉండారు:
ఒకటి... రెండు... వదులు...
గొంతు మునిరత్నందే.
భయమేసింది.
ఆ భయంలోనే ఇంకొక వేలు దిగినా.

ఈ వేలు ఎవురి లెక్కలో రాసుకోవాల?
మరిదిని అడగను. చెంగమ్మనూ అడగను.

కుర్చీని పారెయ్యలేదు.
దాని మీద ఇప్పుడు ఏకని దూది మూట ఒకటి పెట్టినా.
కావాలంటే దించుకోవచ్చు.