అయిదో గుంత కాడ తాటిసెట్టు

సీపురుపల్లి దాటినాక, రైలుగేటు కాడ ఎడంపక్కకి తిరగాల.
బోర్డు ఉండీది. మొన్న గాలికి పడిపోతే
మా రావులమ్మ మేకలసాలకి తలుపు సేసీసింది.
గోల్ఫు కోర్సన్న రాత
ఇప్పుడు మేకలకే కనపడతాది.

ఆరే గుంతలు బావూ.
మూడుసుట్లు తిరిగితే పద్దెనిమిది కాదేటి?
మీ విశాపట్నంలో ఉన్నన్నీ అవుతాయి.

పచ్చగడ్డి మాత్రం అడక్కండి.
ఇక్కడ గ్రీనంటే బ్రౌను.
ఇసక జల్లెడ పట్టి,
లారీషెడ్డుల పారబోసీ నూనె తెచ్చి కలిపి,
కాలితో తొక్కి, తడిగోనె లాగి సదును సేస్తాను.
ముప్పై ఏల్లయినాది.
నా మడమలు సూడండి, ఏ సబ్బుకీ లొంగవు.

మేంగనీసు గని నడిసినప్పుడు
మేనేజర్లు ఆడుకుందికి ఏసినారు.
గని మూసీసినారు. మేనేజర్లు ఎల్లిపోనారు.
ఆటొక్కటీ ఉండిపోనాది,
వరద తీసినాక గట్టుమీద మిగిలిన పడవనాగ.

మొదటిదానికి అడ్డంగా బండిజాడ.
బండిదే ముందు. ఎడ్లకి మీ ఇంగ్లీసు కేక తెలీదు,
హోయ్ అనాల.

రెండోదాని గురించి సెప్పుకోడానికేటీ నేదు.
ఊరికే నడవండి.

మూడోది నల్లగుట్ట మీంచి కొట్టాల.
బంతి తెల్లగా ఎల్లి బొగ్గునాగ తిరిగొస్తాది.
మజ్జానం దాటితే తూరుపుగాలి.
కొట్టినోడికంటే గాలికే మంచి సెయ్యి.

నాలుగోదాని పక్కన తవిటయ్య గోగుసేను.
అందులో పడితే ఎతకొద్దు.
కోతలయినాక బంతులన్నీ ఏరి
కుంచంతో కొలిసి అమ్ముతాడు,
తల కొట్టకండా, నిండుగా.
ఆ పక్కనే కౌజుపిట్ట గుడ్లు పెట్టినప్పుడు
ఇరవై రోజులు అయిదు గుంతలే ఆడినాం.
లెక్క కుదర్లేదని ఎవులూ సావలేదు.

అయిదోది.
దీనికోసమే రావాల మీరు.
నూట నలభై గజాలు, మజ్జిలో తాటిసెట్టు.
కొట్టీమన్నాడొక కొత్త మెంబరు.
గీసీ అసిరయ్య మాటాడనేదు,
కత్తి సానబెట్టుకుంటా ఆయన్నే సూసినాడు.
సెట్టుంది. మెంబరు మానేసినాడు.

ముంత దించినప్పుడల్లా మట్టల సందున ఇరుక్కున్న బంతుల్ని
అసిరయ్యే దింపుతాడు.
ఒకసారి స్టేషన్‌మాస్టరుగారి బంతి ముంతలోనే పడ్డాది.
తాగీవోడి పంటికి తగిలితేగానీ తెలీనేదు.
దీనికి రూలేటి, అన్నారాయన టోపీ తీసి.
ముంత కాలీ సేసినోడికి ఒక దెబ్బ తగ్గింపు,
అన్నాడు అసిరయ్య.
షెడ్డు గోడమీద రాసుకున్నాం. ఇప్పటికీ అదే రూలు.

మొన్నొకాయన వొచ్చినాడు, దేశమంతా ఆడినాడంట.
అయిదోదాని కాడ సానాసేపు నిలబడిపోయి
"దాలమ్మా, ఇది ఎవరికీ తెలీదేంటి?" అన్నాడు.
ఎవులికీ అంటే ఎవులికి బావూ?
తవిటయ్యకి తెలుసు. తూరుపుగాలికి తెలుసు.
కౌజుపిట్టకి తెలుసు.
ఆయన నవ్వినాడుగానీ, పుస్తకంలో ఏటీ రాసుకోనేదు.
మంచిదే అనిపించినాది.

ఆరోది పడమటి ముకం.
పొద్దుగూకే ఏల బంతి కనపడదు, ఇనాల.
మెత్తగా సప్పుడైతే ఇసక, టంగుమంటే మేకలసాల తలుపు.

మీరెల్లినాక మీ అడుగులన్నీ సెరిపేస్తాను.
గోనె లాగి లాగి
బ్రౌను కొత్త మట్టిపల్లెంనాగ అయినాక
సూరులోంచి కర్ర తీస్తాను.
మేనేజరమ్మ ఒగ్గీసి ఎల్లినాది,
పిడికి సైకిల్‌ట్యూబు సుట్టుకున్నాను.
రోజుకి ఒక్క బంతి. ఒక్కటే.
గుంత కాడ మాత్రమే నా అడుగులు మల్లీ సెరుపుతాను,
బంతి జాడ సెరపను.

పొద్దున్నే ముందు వొచ్చినోల్లు
ఇసకమీద ఆ గీత సూసి ఆగిపోతారు,
ఒంపు తిరిగి, నేరుగా గుంతలోకి.
పామేటే దాలమ్మా?
పామే బావూ, అంటాను.
సెయ్యెట్టకండి.